లెప్టోనికా దగ్గర ఆగిపోయిన నీకు

ప్రియమైన మిత్రమా,

నిన్న రాత్రి నువ్వు పంపిన టెర్మినల్ ఫోటో చూశాను. దాని కింద "ఇక నా వల్ల కాదు, తాతయ్య పుస్తకాన్ని చేత్తోనే టైపు చేసుకుంటాను" అని రాశావు చూడు, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. 240 పేజీలు చేత్తో కొడతావా? వద్దురా. నువ్వు ఆగిపోయిన చోటు నాకు బాగా తెలుసు. ఫోనులో చెబితే గుర్తుండదు. కంప్యూటర్ పక్కన పెట్టుకుని చేసుకుంటావని ఉత్తరమే రాస్తున్నాను.

పేజీ ఫోటోలోని అక్షరాలను చదివి పాఠంగా మార్చే ప్రోగ్రాము టెసెరాక్ట్‌ను మూలం (సోర్స్ కోడ్) నుంచి నువ్వే కంపైల్ చేసుకోవాలన్న నీ నిర్ణయం సరైనదే. నీ లినక్స్ సిస్టమ్ ఉబుంటు 22.04 సిద్ధంగా ఇచ్చేది టెసెరాక్ట్ 4.1.1. నీకు కావలసింది 2021 చివర్లో వచ్చిన 5వ తరం. పేజీని నలుపు తెలుపులుగా విడగొట్టడానికి అందులో సవోలా, అడాప్టివ్ ఓట్సు అనే రెండు కొత్త పద్ధతులు చేరాయి. ఒక మూల పసుపు, ఒక మూల గోధుమరంగు తిరిగిన తాతయ్య కాగితాలకు పనికొచ్చేవి అవే.

ఇక నీ ఫోటో సంగతి. కంపైల్‌కు కావలసినవన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయో లేదో చూసే కాన్ఫిగర్ నడిపినప్పుడు, అది 'లెప్టోనికా' అన్న మాట దగ్గర వాక్యనిర్మాణ దోషం ఉందని చెప్పి ఆగిపోయింది. నువ్వేమో లెప్టోనికా (బొమ్మలను చదవడానికి టెసెరాక్ట్ వాడుకునే లైబ్రరీ, అంటే సిద్ధంగా ఉన్న కోడ్) లేదనుకుని దాన్ని మూడుసార్లు తీసేసి మళ్లీ పెట్టావు. లోపించింది లెప్టోనికా కాదు, లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పికెజి-కాన్ఫిగ్ అనే చిన్న పనిముట్టు. అదీ కాన్ఫిగర్ దగ్గర కాదు, అంతకుముందు నువ్వు నడిపిన, కాన్ఫిగర్‌ను తయారుచేసే ఆటోజెన్ దగ్గర లోపించింది.

ఇది కాస్త నెమ్మదిగా చదువు. కాన్ఫిగర్ ఎవరో కూర్చుని రాసిన ఫైలు కాదు. ఒక్కో యూనిక్స్ ఒక్కో రకంగా ఉన్న రోజుల్లో, 1991లో, డేవిడ్ మెకంజీ ఆటోకాన్ఫ్‌ను మొదలుపెట్టాడు. ఆటోజెన్ లోపల నడిపేది దీన్నే. మనం క్లుప్తంగా కొన్ని మాక్రోలు రాస్తే, అది వాటిని విడమరిచి వేల పంక్తుల షెల్ స్క్రిప్టుగా, అంటే కంప్యూటర్ వరుసగా నడిపే కమాండ్ల ఫైలుగా మారుస్తుంది. పెళ్లి సరుకుల చీటీలో "పసుపు కుంకుమలు మామూలుగా" అని రాస్తారు కదా, ఆ మామూలు ఏమిటో తెలిసిన పెద్దమ్మ ఇంట్లో ఉంటే దాన్ని కిలోల్లోకి, పొట్లాల్లోకి మార్చి రాస్తుంది. ఆమె లేకపోతే చీటీ అలాగే కొట్టుకు వెళుతుంది. కొట్టువాడు "మామూలు అంటే ఎంత?" అని నిలబడిపోతాడు. లెప్టోనికా ఎక్కడుందో వెతకమనే మాక్రోకు అర్థం చెప్పే ఫైలు పికెజి-కాన్ఫిగ్ ప్యాకేజీతోనే వస్తుంది. నీ దగ్గర ఆ ప్యాకేజీ లేదు. అందుకని ఆటోజెన్ ఆ మాక్రోను విడమరచలేక, ఫిర్యాదు కూడా చేయకుండా, ఉన్నది ఉన్నట్టు కాన్ఫిగర్‌లోకి ఎక్కించింది. ఆ కమాండ్లను నడిపే షెల్‌కు ఆ భాష రాదు కాబట్టి అది అక్కడ ఆగిపోయింది.

అందుకే పికెజి-కాన్ఫిగ్ ఇన్‌స్టాల్ చేయగానే సరిపోదు. ఆటోజెన్‌ను మళ్లీ నడపాలి. వట్టి కాన్ఫిగర్‌నే తిరిగి నడిపితే అదే పాత చీటీ అదే కొట్టుకు వెళుతుంది, అదే పంక్తి దగ్గర అదే దోషం వస్తుంది. సరైన మందు వేసుకుని కూడా ఇక్కడే నిరాశపడి మానేసినవాళ్లను నేను చూశాను. నువ్వు అలా మానేయకూడదు.

మొత్తం కావలసినవి ఇవే: బిల్డ్-ఎసెన్షియల్, ఆటోమేక్, లిబ్‌టూల్, పికెజి-కాన్ఫిగ్, లిబ్‌లెప్టోనికా-డెవ్. మొదటిది పెడితే జీసీసీ, జీ ప్లస్ ప్లస్ అనే కంపైలర్లు, వాటితో పని చేయించే మేక్ మూడూ వచ్చేస్తాయి. చివరి పేరులోని 'డెవ్' తోకను మాత్రం వదలకు. ప్రోగ్రాము నడవడానికి లైబ్రరీ ఒక్కటి చాలు, కానీ కంపైల్ కావాలంటే ఆ లైబ్రరీలో ఏ ఫంక్షన్లు ఉన్నాయో చెప్పే హెడర్ ఫైళ్లు కూడా ఉండాలి. అవి విడిగా 'డెవ్' ప్యాకేజీలో ఉంటాయి. "లైబ్రరీ ఉంది కదా, లేదంటుందేమిటి?" అని నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. మీ చెల్లెలు వాడే ఫెడోరాలో ఈ తోక 'డెవెల్' అని ఉంటుంది.

మళ్లీ ఎక్కడైనా కాన్ఫిగర్ ఆగితే తెర మీది చివరి పంక్తిని నమ్ముకోకు. అదే ఫోల్డర్‌లో కాన్ఫిగ్ డాట్ లాగ్ అనే ఫైలు ఉంటుంది. అందులో ఏ చిన్న పరీక్ష ప్రోగ్రామును కంపైల్ చేయబోయిందో, కంపైలర్ ఏమని తిరస్కరించిందో మాటకు మాట ఉంటుంది. దాని అడుగున ఉన్నదంతా వేరియబుళ్ల జాబితా, దాన్ని దాటి పైకి వెళ్లి చూడు. ట్రైనింగ్ పనిముట్లు తయారుకావని ఐసీయూ, పాంగో అనే లైబ్రరీల పేర్లతో హెచ్చరికలు వస్తాయి. మనం కొత్త అక్షరాలు నేర్పించడం లేదు, వాటిని వదిలేయ్.

లెప్టోనికాను మాత్రం దయచేసి మూలం నుంచి కట్టకు. ఉబుంటులో ఉన్న 1.82 నీకు చాలు. నేను ఒకసారి కట్టాను. పీఎన్‌జీ, జేపెగ్, టిఫ్ లైబ్రరీల 'డెవ్' ప్యాకేజీలు అప్పుడు నా దగ్గర లేవు. కాన్ఫిగర్ ఒక్క దోషమూ చూపలేదు, మేక్ హాయిగా పూర్తయింది. తీరా మొదటి పేజీ ఇస్తే, పీఎన్‌జీ చదివే ఫంక్షనే లేదంది. లేనివాటిని వదిలేసి మిగతాది నిశ్శబ్దంగా కట్టేసింది. ఒక ఆదివారమంతా దానికే పోయింది. ఎర్రగా అరిచే దోషం కంటే ఇలాంటి మౌనమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక ఇంకో రెండు చిక్కులు రావచ్చు. లిబ్‌టెసెరాక్ట్ ఫైలు తెరవలేకపోతున్నానంటే అడ్మిన్ హక్కులిచ్చే సుడోతో, లైబ్రరీల చిట్టాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ ఒకసారి నడుపు. తెలుగు డేటా దొరకలేదంటే కంగారుపడకు. ఉబుంటు ప్యాకేజీ దాన్ని పాత టెసెరాక్ట్ ఫోల్డర్‌లో పెట్టింది, నువ్వు కట్టుకున్నది మాత్రం యూఎస్ఆర్ లోకల్ షేర్ కింది టెస్‌డేటా ఫోల్డర్‌లో వెతుకుతుంది. తెలుగు ఫైలును అక్కడికి కాపీ చేయి.

మొదటి పేజీ రాగానే ఫోటో, పాఠం రెండూ నాకు పంపు. ప, వ ఒకదానికొకటి మారిపోతాయి, మ, య కూడా. పాత అచ్చులో వత్తులు అరిగిపోయి ఉంటే ఇంకొంచెం కష్టం. వాటిని చూసి దిద్దాల్సింది మనమే. 1 నుంచి 120 దాకా నువ్వు చూడు, మిగతావి నాకు పంపించు.

నీ
స్నేహితుడు