కాపలా కాసిన గంటలూ లెక్కే

ఒరేయ్ రమణా,

మంచాన పడ్డవాళ్లని ఇంట్లో చూసుకునేవాళ్ల కోసం ప్రభుత్వం విధానం రాస్తూ అభిప్రాయాలు అడిగితే మీ సంఘం ఏం పంపాలి అన్నావు కదా. ముందు కష్టాలు ఏకరువు పెట్టడం మానండి. చదివిన ఆఫీసరు అయ్యో అనుకుని పక్కన పెడతాడు. ముసాయిదాలో ఫలానా పేరా, అందులో ఉన్న వాక్యం, దాని బదులు మీరు కోరే వాక్యం, ఎందుకో రెండు ముక్కలు. అంతే రాయండి.

చిక్కు ఎక్కడంటే, కాగితం మీద రోగి ఉంటాడు, చూసుకునే మనిషి ఉండదు. ఆంధ్రాలో ఎన్టీఆర్ భరోసా కింద పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. మంచిదే. కానీ రోగి కన్నుమూస్తే పింఛనూ ఆగిపోతుంది. ఉద్యోగం మానుకుని ఏళ్లతరబడి సేవ చేసిన కోడలి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. కేరళలో ఆశ్వాసకిరణం అని ఒక పథకం ఉంది, అది చూసుకునేవాళ్లకే ఇస్తుంది, నెలకు 600. చూస్తే నవ్వొస్తుంది గానీ, సర్కారు పద్దులో ఆ మనిషికంటూ ఒక గడి ఉంది. మీరు పట్టుబట్టాల్సింది ఆ గడి కోసం.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 24లో, ఎక్కువ ఆసరా కావాల్సినవాళ్లకి సంరక్షకుల భత్యం అని రాసే ఉంది. అదే సెక్షన్ మొదట్లో ఆర్థిక స్థోమత మేరకు అని మెలికా పెట్టారు. కాబట్టి భత్యం ఇవ్వండి అని ఊరుకోక, ఎంత, ఎవరి ఖాతాలో, ఎప్పట్నుంచి అన్నవి కూడా అడగండి. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ఇచ్చే ధ్రువపత్రం) లేని మతిమరుపు పెద్దవాళ్ల ఇళ్లు జారిపోకుండా ఇంకో వాక్యం చేర్చండి.

రోజుకి ఎన్ని గంటలు చూసుకుంటున్నారు అన్న ప్రశ్న దగ్గరే అందరూ బోల్తా పడతారు. స్నానం, తిండి, మందులు కలిపి నాలుగు గంటలు అని రాసేస్తారు. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే ఒత్తిడి పడ్డచోట రక్తం ఆడక పుండు పడుతుంది. రాత్రీ అంతే. అంటే చూసుకునేవాళ్లకి రెండు గంటలు వరసగా నిద్ర ఉండదు. అందుకని ఇంటికో వారం చార్టు రాయించు. అరగంటకో గడి: చేసిన పని ఒక వరుస, ఇల్లు కదలకుండా కాపలా ఉన్నది ఇంకో వరుస, రాత్రి లేచింది మూడోది. పది ఇళ్ల చార్టులు జతచేస్తే చాలు. పేర్లు మాత్రం తీసెయ్, ఆ కాగితాలు ఎవరి కంటైనా పడొచ్చు.

సెలవు సంగతి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకి పిల్లల్ని చూసుకోడానికి సర్వీసు మొత్తమ్మీద 730 రోజులు ఉన్నాయి. పక్షవాతం వచ్చిన తల్లి కోసం అలాంటిది లేదు. దీన్నే పెద్దవాళ్లకీ వర్తింపజేయమనండి. కొత్తది పుట్టించడం కన్నా ఉన్నదాన్ని సాగదీయడం ఆఫీసుల్లో తేలిక.

కేంద్ర చట్టాల ముసాయిదాలు కనీసం 30 రోజులు జనం ముందుంచాలని 2014లో నిర్ణయించారు. అది విధాన పత్రాలకీ రాష్ట్రాలకీ వర్తించదు, వారమే ఇచ్చినా నోరెత్తలేం. చార్టులు ఇప్పుడే మొదలెట్టించు. మెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ పంపి రసీదు దాచు, తర్వాత సమాచార హక్కు కింద ఏం చేశారని అడగడానికి అదే ఆధారం. ఢిల్లీకైతే ఇంగ్లీషు ప్రతి జతచెయ్.

ముసాయిదా రాగానే నాకు పంపు, పేరా నంబర్లు నేను చూసిపెడతా.

నీ
శీను