రోగులకిచ్చే కాగితాలు ముందు రోగులతోనే చదివించండి

సంపాదకులకు నమస్కారం.

ఆపరేషన్‌కు ముందు ఇచ్చే సూచనలు, డిశ్చార్జ్ అప్పుడు చేతిలో పెట్టే కాగితాలు, మందు పెట్టెలో మడిచి పెట్టే కరపత్రాలు, ఇవన్నీ రాసేది ఆ రంగంలో నిపుణులే, సరిచూసేదీ వాళ్లే, బాగుందని అచ్చుకు పంపేదీ వాళ్లే. చదివి పాటించాల్సిన రోగిని మాత్రం ఎక్కడో తప్ప ఎవరూ అడగరు. ఇది మారాలి.

2006లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం సంగతి చెప్తాను. మందు సీసా మీద 'రెండు మాత్రలు, రోజుకు రెండుసార్లు' అని ఉంటే, చదవడం అంతంతమాత్రంగా వచ్చినవాళ్లలో 71 శాతం మంది ఆ సూచనను సరిగ్గానే చెప్పారు, కానీ రోజుకు ఎన్ని వేసుకుంటారో మాత్రలు లెక్కపెట్టి చూపించమంటే సరిగ్గా చూపించింది 35 శాతమే. మరి మిగతావాళ్లు ఇంటికెళ్లి ఎన్ని మింగుతారు?

అందుకే "అర్థమైందా?" అని అడిగితే లాభం లేదు, మొహమాటానికి ఎవరైనా తలూపేస్తారు. కాగితం చేతికిచ్చి, ఒక పూట మందు మర్చిపోతే ఏం చేస్తారు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి, అది ఇందులో ఎక్కడుందో చూపించండి అని అడగాలి. వాళ్లకి దొరక్కపోతే తప్పు కాగితానిదే. దాన్ని మార్చి, ఈసారి కొత్తవాళ్లకిచ్చి మళ్లీ అడగాలి. యూరోపియన్ యూనియన్‌లో మందుల కరపత్రాలకు ఇలా రోగులను సంప్రదించడం 2005 నుంచి చట్టప్రకారం తప్పనిసరి. అక్కడ మామూలుగా విడతకు పదిమంది చొప్పున రెండు విడతలు చదివిస్తారు, అంతే. ఇంత చిన్న పనికి ఖర్చు, టైమ్ అని సాకులు చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అడుగున 'మీ అభిప్రాయాలు పంపండి' అని ఒక లైను వేసి ఊరుకుంటే కూడా చాలదు. రాసి పంపేది ఎలాగూ బాగా చదవగలిగినవాళ్లే కదా. చూపు తగ్గిన పెద్దవాళ్లు, చదువు మధ్యలో ఆపేసినవాళ్లు, రోగికి మందులు వేసే ఇంట్లోవాళ్లు, వీళ్ల దగ్గరికి మనమే వెళ్లి కూర్చుని అడగాలి. ఎంత చదువుకున్నవాళ్లయినా జబ్బు పేరు వినగానే టెన్షన్‌లో రెండు లైన్ల కంటే బుర్రకెక్కించుకోలేరు, వాళ్లనీ అడగాలి.

అలాగని జనం చెప్పిందల్లా వేసెయ్యమని కాదు. మోతాదులు, జాగ్రత్తలు తేల్చాల్సింది డాక్టర్లే. దుష్ప్రభావాల గురించి చదివితే భయమేస్తోంది, తీసెయ్యండి అని కొందరు అడగొచ్చు, తీసెయ్యకూడదు. 'అరుదుగా రావచ్చు' అని వదిలెయ్యకుండా ఎంతమందిలో ఒకరికి వస్తుందో అంకెల్లో రాస్తే, ఆ భయం ఎంతవరకు పడాలో చదివినవాళ్లే తేల్చుకుంటారు.

ఆసుపత్రులు, మందుల కంపెనీలు ప్రతి కాగితం మీదా దాన్ని ఎలాంటి రోగులతో చదివించి చూశారో, ఎప్పుడు చూశారో అచ్చు వెయ్యాలని నా విన్నపం. మీ పత్రికలో ఆరోగ్య వ్యాసాలు వేసే ముందు కూడా వైద్యంతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురితో చదివించండి.

– ఒక పాఠకురాలు