తిరుపతి ఎం.ఆర్.పల్లిలో మా వీధివాళ్లకు, మా స్టేషన్ పోలీసులకు కృతజ్ఞతలు

కోడలి ప్రసవానికని నేనూ మా ఆవిడా బెంగళూరు పోయి పదకొండు రోజులున్నాం. తిరిగొచ్చేసరికి ఇల్లు ఇల్లుగానే ఉంది. వెనక తలుపుకు కొత్త గడియ వేయించాల్సి వచ్చింది, అంతే. గడియతో పోయిందంటే అది చాలామంది పుణ్యం. ఇంటింటికీ వెళ్లి చెప్పాను గానీ మనసుకు చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట వీధికి సీసీ కెమెరాలు పెట్టిద్దామని ఇంటికి 1500 రూపాయలు అడిగితే, "మా ఇంట్లో దోచుకోవడానికి ఏముందప్పా" అని తప్పించుకున్నవాణ్ని నేను. ఈసారి కూడా, స్టేషన్‌లో చెప్పి పొమ్మని ఎదురింటి అక్క మూడుసార్లు చెబితే విసుక్కున్నా. ఇల్లు ఖాళీ అని మనమే పోయి చాటుకోవడం ఏంది అని. చివరికి పక్కింటి కుర్రాడు నా ఫోన్ లాక్కుని ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఎక్కించేశాడు. తాళం వేసిన ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఏర్పాటు అది. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఊళ్లో ఉండమో అందులో పెడితే, వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా బిగిస్తారు. లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కు అలర్ట్ పోతుంది. పైసా తీసుకోరు. మా ఇంటికొచ్చిన కానిస్టేబుల్ కాఫీ కూడా వద్దని, గ్లాసుడు మజ్జిగ తాగి పోయాడు.

ఇక అక్క చేసింది ఏ యాప్‌లోనూ లేదు. రోజూ తెల్లారి తన వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు పెట్టాక, మా గేటు ముందు కూడా నాలుగు గీతలు గీసేది. మేం పాలు ఆపించి పేపరు ఆపడం మరిచిపోతే, ఆ పేపర్లు కూడా తనే తీసిపెట్టింది. పగలు తిరిగే దొంగ చూసేది వీటినే కదా.

తొమ్మిదో రోజు అక్కకు జ్వరం. ముగ్గు పడలేదు. ఆ మధ్యాహ్నమే ఇద్దరు బైకు మీద వచ్చి 'టూలెట్ ఉందా' అని వీధంతా తిరిగారట. మూలమీది కిరాణా కొట్టాయనకు అనుమానమొచ్చి, బైకు ఫొటో తీసి వీధి గ్రూపులో పెట్టాడు. గ్రూపులో మా బీటు కానిస్టేబుల్ కూడా ఉన్నాడు.

రాత్రి రెండు కావస్తుండగా నాకు ఫోన్. "సార్, మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" లేరని చెప్పేలోపు నా నోరు ఎండిపోయింది. తర్వాత పావుగంట సేపు నేను పడ్డ టెన్షన్ బెంగళూరులో మా వియ్యంకుడికి తెలుసు. ఇక్కడ మాత్రం పెట్రోలింగ్ బండి వచ్చేసింది, వీధిలో లైట్లన్నీ వెలిగాయి, కుర్రాళ్లు మిద్దెలెక్కి టార్చిలు కొట్టారు. ఒకడు వెనక సందులో దొరికాడు. వాడి సంచిలో మా ఆవిడ రెండు పట్టుచీరలు, ఇత్తడి కుందులు, ఎందుకో మరి, మా గ్రైండర్ రాయి. బంగారం బ్యాంకు లాకర్లో ఉంది గాబట్టి పాపం వాడికి రాయే మిగిలింది.

కుర్రాళ్లు వాణ్ని నాలుగు తగిలిద్దామని మీదికి పోయారట. కానిస్టేబుల్ అడ్డం నిలబడి, "ఎవరూ చెయ్యి వేయొద్దు పా, కొడితే కేసు మీ మీదికే వస్తుంది" అని వెనక్కి నెట్టాడని విన్నా. ఇది నాకు బాగా నచ్చింది. రెండోవాడు రెండు రోజులకు దొరికాడు, కొట్టాయన తీసిన ఫొటో, నేను డబ్బులివ్వని కెమెరాలో పడిన వీడియో కలిపి చూస్తే.

ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగానే చేతికిచ్చారు. రాసిన ఆయన పాత అలవాటు కొద్దీ సెక్షన్లు "457, 380" అని మొదలుపెట్టి, నాలిక కరుచుకుని, "ఇప్పుడు 331, 305 కదా" అని దిద్దుకున్నాడు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది గదా, అదీ సంగతి. వేలిముద్రల కోసం క్లూస్ టీం చల్లిన పొడి మా బీరువా మీద ఇంకా అట్లే ఉంది, మా ఆవిడ తుడవనివ్వడం లేదు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

'నేను లేవలేకపోయినందుకే వచ్చారు' అని అక్క ఇప్పటికీ బాధపడుతోంది. ముగ్గుకూ దానికీ లంకె ఉందో లేదో ఆ దొంగలనే అడగాలి. ఎనిమిది రోజులు రాలేదు కదక్కా అంటే వినదు.

కెమెరాల 1500 కట్టేశాను, ఆలస్యానికి ఇంకో 500 కలిపి. వచ్చే వారం రెండో వరసలో ఒక కుటుంబం కాశీకి పోతోంది. వాళ్ల పేపర్లు తీసే పని, రాత్రి వాకిట్లో లైటు వేసే పని నాది. ముగ్గుకు మాత్రం అక్క దగ్గర రెండు రోజులుగా చుక్కలు పెట్టడం నేర్చుకుంటున్నా, ఇంకా వంకరే పోతున్నాయి.