"తర్వాత చెప్తాంలే" అనడం మానేద్దాం

సంపాదకులకు నమస్కారం.

నేను తిరుపతి కొర్లగుంటలో ఉంటాను, పన్నెండేళ్లుగా ఒక పొదుపు సంఘంలో సభ్యురాలిని. మా పదిమందిలో ఒకామెకు పుట్టుకతోనే వినపడదు. పేరు రాయొద్దంది కాబట్టి అక్క అనే రాస్తాను. జాకెట్లు కుడుతుంది, బైరాగిపట్టెడ నుంచి కూడా వచ్చి గుడ్డ ఇచ్చిపోతారు.

ఇన్నేళ్లూ మీటింగుకి అక్క వచ్చి ఒక మూల కూర్చునేది. అందరి మొహాలూ చూస్తూ ఉండేది, మేం నవ్వితే ఒక క్షణం ఆలస్యంగా తానూ నవ్వేది. ఏమైందని చేత్తో అడిగితే "ఏం లేదులే, తర్వాత చెప్తాం" అని చెయ్యి ఊపేవాళ్లం. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పింది లేదు. చివర్లో తీర్మానాల పుస్తకం ముందు పెడితే మాత్రం సంతకం పెట్టేది. పోయిన సంవత్సరం సంఘంలో తీసుకునే అప్పు మీద వడ్డీ నూటికి రూపాయి నుంచి రూపాయిన్నర చేశాం. దాని కిందా ఆమె సంతకం ఉంది. కిస్తు కట్టేటప్పుడు లెక్క తేడా వచ్చింది. పుస్తకం తెప్పించుకుని, ఆ పేజీ తీసి, తన సంతకం మీద వేలు పెట్టి నా మొహంలోకి చూసింది. మేం కావాలని మోసం చేయలేదు, కానీ ఆమె వైపు నుంచి చూస్తే తేడా ఏముంది చెప్పండి?

గట్టిగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది కదా అనుకునేవాళ్లం. ఒకసారి అద్దం ముందు నిలబడి, గొంతు రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడింటికీ పెదాలు ఒక్కలాగే కదులుతాయి, ఇక పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరి పెదాలు చూడాలి? రాసి చూపిస్తే చాలదా అని కొందరంటారు. కొంతవరకు చాలు. కానీ పుట్టుకతో వినపడని చాలామందికి సైగల భాషే సులువు, తెలుగేమో వాళ్లు బడిలో కష్టపడి నేర్చుకున్న భాష, పొడుగు వాక్యాలు రాసి చేతికిస్తే ఇబ్బందే.

సైగలంటే అప్పటికప్పుడు చేతులు తిప్పడం అనుకునేదాన్ని, అది నా పొరపాటు. భారతీయ సంజ్ఞా భాషకి సొంత వ్యాకరణం ఉంది, ఏమిటి, ఎక్కడ అనే ప్రశ్న చివర్లో వస్తుంది, మనం "నీ ఊరెక్కడ" అన్నట్టే. ఢిల్లీలో ఆ భాష కోసమే ఉన్న పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో 10,000 పదాల నిఘంటువు విడుదల చేసింది, ఆ వీడియోలు ఫోన్లో చూడొచ్చు.

ఇంకోటి, "మూగామె" అని పిలవడం. ఆమె గొంతుకి ఏ లోపమూ లేదు, మాట చెవిన పడలేదు కాబట్టి రాలేదు, అంతే. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అనే సామెత ఆమె పక్కనే కూర్చుని ఎన్నిసార్లు వాడామో తలుచుకుంటే బాధగా ఉంటుంది.

2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు మా వీధిలోకి నీళ్లొస్తున్నాయని అందరం కేకలు వేసుకుని మేడలెక్కాం. అక్క తలుపు గడియ పెట్టుకుని నిద్రపోతోంది. తలుపు బాదితే ఏం లాభం? చివరికి కిటికీలోంచి ఫోన్ టార్చ్ ఆమె మొహం మీద వేస్తే లేచింది, అప్పటికే మంచం కింద నీళ్లున్నాయి. ఆ ఇంట్లో వినపడని మనిషి ఉందని వీధిలో అందరికీ తెలుసు, ఆమెను ఎలా లేపాలో ఎవరూ ముందుగా ఆలోచించలేదు.

ఇప్పుడు మేం ట్యూబ్‌లైటు కింద గుండ్రంగా కూర్చుంటున్నాం. మాట్లాడేవాళ్లు ముందు చెయ్యెత్తాలి. డబ్బు మాట వస్తే పలక మీద అంకె వేయాలి. వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు మానేశాం, అన్నిటికంటే కష్టమైంది ఇదే. అప్పు, వడ్డీ, కిస్తు, ఒప్పుకోను, ఈ నాలుగు సైగలూ అక్కే నేర్పింది. పోయిన మీటింగులో ఆ నాలుగోది వాడింది కూడా, వడ్డీ మీద ఇంకా వాదన నడుస్తోంది.

2011 జనాభా లెక్కల్లోనే వినికిడి లోపం ఉన్నవాళ్లు దేశంలో 50 లక్షల పైన. మన ఊళ్లోనే టీటీడీ నడిపే ఎస్వీ బధిర పాఠశాల ఉంది, అలాంటి చోట చదువుకున్న పిల్లలు పెద్దవాళ్లై మన అపార్ట్‌మెంట్లలో, చవితి కమిటీల్లో ఉంటారు. సెప్టెంబరు 23 సంజ్ఞా భాషల దినం. ఆలోపు పొదుపు సంఘాలకిచ్చే శిక్షణలో ఒక్క గంట దీనికి పెట్టమని, పట్టణాల్లో ఈ సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా అధికారులను అడుగుతున్నాను. ఆ గంట చెప్పాల్సింది వినపడని వాళ్లే, మేం కింద కూర్చుని నేర్చుకుంటాం.

– ఒక పొదుపు సంఘం సభ్యురాలు, కొర్లగుంట, తిరుపతి