ఇసుక ట్రే తెచ్చిన అమ్మాయికి

2021 నవంబరులో పెన్నా వరద కోవూరు వైపు ఊళ్లను ముంచెత్తాక, మా చిన్నవాడు మాట్లాడడం మానేశాడు. చినుకు పడితే చాలు, నా కొంగులో తల దూర్చేవాడు. మీరొచ్చి వాణ్ణి ఒక్క ప్రశ్నా అడగలేదు. ఇసుక ట్రే, నాలుగు బొమ్మలు ముందు పెట్టి పక్కన కూర్చున్నారు. ఇల్లు కట్టడం, నీళ్లు పోసి ముంచడం, మళ్లీ కట్టడం, అదే ఆట! నేను కంగారుపడితే, "ఆడనివ్వండమ్మా. మాటల్లో చెప్పలేనిది ఆటలో చెబుతున్నాడు. ఎన్నాళ్లకూ ఆట మారకపోతే అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు. మారింది. ఒకరోజు నీళ్లు పోసేముందు ఆవు బొమ్మను మిద్దె ఎక్కించాడు. తర్వాత పడవ కావాలన్నాడు, నోరు తెరిచి! దిష్టి తీసినందువల్లే అని మా అత్తగారి వాదన, సరే అననివ్వండి. పేరడిగితే నవ్వేసి వెళ్లారు. మీకు రుణపడి ఉన్నాం తల్లీ. ఈసారి నెల్లూరు వస్తే మా ఇంట చేపల పులుసు తినకుండా పంపేది లేదు.