ఆఫీసులు కిందికి దిగాలి

సంపాదకులకు నమస్కారం. మెట్లెక్కలేనివాళ్ల కోసం, జనంతో పనుండే ఆఫీసులు కింది అంతస్తులోకి రావాలని ఈ ఉత్తరం.

ఆరు నుంచి పది దాకా అనంతపురంలో నాతో చదువుకున్న స్నేహితుడు పోయిన నెల గుండెపోటుతో చనిపోయాడు. పేపర్లో పేరు వద్దని వాళ్ల తమ్ముడు అన్నాడు, అందుకే మావాడు అనే రాస్తాను. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి కుడికాలు పడిపోయింది వాడికి. ఇప్పుడు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చందాలు పోగవుతున్నాయి. బళ్లో వాడి ఫొటో పెట్టి, ఏటా ఫస్టు వచ్చిన పిల్లలకు వాడి పేరుతో ప్రైజు ఇస్తారంట. మావాడికి జన్మలో ఫస్టు రాలేదు. వాడి పట్టుదల గురించి, ఆత్మవిశ్వాసం గురించి వస్తున్న మెసేజీలు చదువుతుంటే, ఇంకెవరో పోయినట్టుంది.

నాకు తెలిసిన మావాడు క్రికెట్లో అంపైరు. చంకకర్ర మీద ఒరిగి నిలబడి, బ్యాటుకు తగిలిన బంతికి నన్ను ఎల్బీడబ్ల్యూ ఇచ్చాడు. అరవై ఏళ్లొచ్చాక అడిగినా ఔటే అన్నాడు. సినిమాకు పోతే జేబులో డబ్బులున్నా నేల టికెట్టే తీసేవాడు, బాల్కనీకి మెట్లుంటాయి కాబట్టి. తర్వాత ఎస్‌టీడీ బూత్ పెట్టాడు. అప్పట్లో బూత్‌లు ఇచ్చేటప్పుడు ఇలాంటివాళ్లకు ముందు ఇచ్చేవాళ్లు. బెంగళూరికి పనికి పోయినవాళ్ల ఇళ్లవాళ్లంతా రాత్రి రేటు తగ్గే టైముకు వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్లు. అప్పు పెట్టినవాళ్ల లెక్కలు గోడ మీద పెన్సిల్‌తో రాసేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక అదే గదిలో జిరాక్స్ మిషను, ఆన్‌లైన్ దరఖాస్తులు. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ స్లాటు కోసం కర్రలతో, బండ్లతో వచ్చినవాళ్ల దగ్గర కూడా రూపాయి తగ్గించేవాడు కాదు. అడిగితే, "నా కరెంటు బిల్లు ఎవురన్నా తగ్గించినారాప్పా?" అనేవాడు.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా బళ్లో పదో తరగతి మేడ మీద ఉండేది. 1978లో సెలవులయ్యాక బడి తెరిచిన రోజు మావాడు పుస్తకాల సంచి నా చేతికిచ్చి, మొదటి మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చున్నాడు. చేతులు వెనక ఆనించి ఒంటిని ఒక్కో మెట్టూ పైకి లాక్కున్నాడు. తోలుపట్టీలతో బిగించిన ఇనుప కడ్డీల బూటు మెట్టు మెట్టుకూ బండకు తగిలి టంగుమంటోంది. ఎత్తుకుందామని దగ్గరికి పోయినవాణ్ణి కొరికాడు. అలంకారానికి చెప్పడం లేదు, కొరికాడు. హెడ్మాస్టరు అయ్యోరు వరండాలో నిలబడి చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయారు. మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపు ప్యూను ఆరో తరగతి పిల్లల్ని పైకి తోలి, మమ్మల్ని కింది గదిలోకి మార్చాడు. తలుపు మీద సుద్దతో ఆరు చెరిపి పది రాశాడు. ఆరో తరగతి అయ్యోరికి మోకాళ్ల నొప్పులు, ఆ ఏడాదంతా సణుగుతూనే ఉన్నారు. అంతకుమించి ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. పైసా ఖర్చు కాలేదు, ఏ జీవోనూ రాలేదు.

చిన్నప్పుడు అలా ఎక్కినవాడు పెద్దయ్యాక ఎందుకు ఎక్కలేడని కొందరంటారు. పోలియో వచ్చిన ముప్పై నలభై ఏళ్లకు, బాగున్న కండరాలు కూడా మళ్లీ బలహీనపడటం ఉంది. దానికి డాక్టర్లు పోస్ట్ పోలియో సిండ్రోమ్ అని పేరు కూడా పెట్టారు. ఏళ్ల తరబడి బరువంతా కర్రల మీద వేసినందుకు భుజాలు అరిగిపోతాయి. మావాడికి యాభై దాటాక రెండూ వచ్చాయి. దేశంలో సహజ పోలియో వైరస్‌తో వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. అది సంతోషమే. అంతకుముందు పోలియో వచ్చినవాళ్లు మాత్రం ఇప్పుడు ముసలివాళ్లవుతూ మన మధ్యనే ఉన్నారు.

2024 ఎన్నికల్లో నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు ఇంట్లోనే ఓటు వేసే వీలు కల్పించారు. మావాడు వద్దన్నాడు. "ఇంట్లో కూచోని ఓటేస్తే ఎవురు ఎవురికి వేసినారో మొగాలు చూసి కనిపెట్టేదెట్ల?" అని, మే 13న ఎండలో ఆటో కట్టించుకుని పోయాడు. పోలింగ్ బూత్ కింది గదిలోనే ఉంది. ర్యాంపు ఉంది, చక్రాల కుర్చీ ఉంది, తోయడానికి ఒక కాలేజీ పిల్లోడున్నాడు. కాసేపట్లో ఇంకు పెట్టిన వేలు చూపించుకుంటూ బయటికొచ్చాడు.

అదే ఏడాది ఇంటి భాగపరిష్కారం రిజిస్ట్రేషన్‌కు ఒక ఆఫీసుకు పోయాం. ఏ ఊళ్లోనో రాయను. అద్దె బిల్డింగులో పై అంతస్తు, లిఫ్టు లేదు. ఫొటోకు, వేలిముద్రకు మనిషి పైకి రావాల్సిందే అన్నారు. ఒంట్లో బాగాలేనివాళ్లు, కదల్లేనివాళ్లు ఉంటే అధికారే ఇంటికి పోవాలని, లేదా తన తరఫున మనిషిని (కమిషన్) పంపాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 38వ సెక్షన్‌లో ఉంది. దస్తావేజు రైటర్లు దాన్ని ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. దానికి వేరే అర్జీ, వేరే ఫీజు, ఇంకో రోజు అన్నారు. కడపటికి టీ బంకు దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చి, తమ్ముళ్లిద్దరూ, నేనూ, ఆటో డ్రైవరూ వాణ్ణి మోసుకుపోయాం. మలుపులో కుర్చీ కాలు గోడకు తగిలి ఒరిగింది. అరవై ఏళ్ల మనిషి, పదిమంది చూస్తుండగా, రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఈసారి ఎవర్నీ కొరకలేదు. దారంతా మాట్లాడనూ లేదు.

నేను రోడ్లు భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను కాబట్టి రూల్సు కొంచెం తెలుసు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ప్రజలు వచ్చిపోయే పాత భవనాలను కూడా రూల్స్ వచ్చిన ఐదేళ్లలో అందరికీ వీలుగా మార్చాలి. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022లోనే దాటిపోయింది. భవనాలు ఎలా ఉండాలో చెప్పే ఈ ప్రమాణాలను సిఫారసులుగా వదిలేస్తే కుదరదు, తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో కేంద్రానికి చెప్పింది. ఇంత జరిగినా మన దగ్గర ర్యాంపు అంటే మెట్ల పక్కన పోసిన సిమెంటు జారుడుబల్లే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మూడడుగుల ఎత్తున్న అరుగుకు ఎనిమిది అడుగుల్లో ముగించేస్తారు, దానికి అడ్డంగా రెండు మోటార్ సైకిళ్లు.

లిఫ్టులకు డబ్బులు లేవంటే ఒప్పుకుంటాను. కింది గదికి ఏం ఖర్చు? ఓటు కోసం ఒక్కరోజు దొరికే కింది గది మిగతా రోజుల్లో ఎందుకు దొరకదు? ప్రభుత్వ ఆఫీసుకు అద్దె ఒప్పందం మళ్లీ రాసేటప్పుడు, జనంతో పని ఉండే సెక్షను కిందే ఉండాలని కలెక్టరు ఒక్క షరతు పెట్టొచ్చు. అందాకా, మెట్లెక్కలేని మనిషి వస్తే గుమాస్తానే మిషను తీసుకుని కిందికి రావాలి. పింఛను ఇవ్వడానికి సచివాలయం సిబ్బంది వేలిముద్ర మిషను పట్టుకుని గడపగడపకూ తిరుగుతున్నారు కదా, మూడు అంతస్తులు దిగడానికేం? హెడ్మాస్టర్లు కూడా జూన్‌లో టైంటేబుల్ వేసేముందు, ఏ పిల్లకు, ఏ పిల్లాడికి మెట్లు కష్టమో చూసి తరగతి గదులు మార్చుకోవచ్చు.

ప్రైజు డబ్బులతో మా బడి మెట్లకు రెండువైపులా పట్టుకునే కడ్డీలు వేయిద్దామని గ్రూపులో పెట్టాను. ఇంతవరకు ముగ్గురు బొటనవేలు చూపించారు, మిగతావాళ్లు గుడ్‌మార్నింగ్‌లు పెడుతున్నారు.

మీకు ఒక మనవి. మీ విలేకరిని ఒకరోజు సప్తగిరి సర్కిల్ నుంచి క్లాక్‌టవర్ దాకా నడిపించి, దారిలో జనం వెళ్లాల్సిన ఆఫీసులు, బ్యాంకులు ఏవేవి ఏ అంతస్తులో ఉన్నాయో, లిఫ్టు ఉందో లేదో రాయించి జిల్లా పేజీలో వేయండి. ర్యాంపులు కొలవాలంటే నేనూ వస్తాను, టేపు నా దగ్గరుంది.

ఇట్లు,
రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్,
పాతూరు, అనంతపురం