పలమనేరు అక్కకు

అక్కా,

అందరూ బాగున్నారని తలుస్తాను. బావకు నమస్కారాలు చెప్పు.

మొన్న ఫోన్‌లో నువ్వు అన్నావే, టీబీ మాత్రలు ఇవ్వబోతే ఆ వడ్డెరామె "కడుపులో ముద్ద లేకుండా ఇవెట్ల మింగేది" అనిందని. ఆమెకు నీ డబ్బుతో బియ్యం కొనిచ్చినావని అమ్మ చెప్పింది. నెలకు పదివేలు తెచ్చుకునే ఆశా కార్యకర్తవు, ఎంతమందికని కొనిస్తావు?

ఇక్కడ అమెరికాలోనూ అదే కథ. మా క్లినిక్‌కు వచ్చేవాళ్లు హోటళ్లలో, ఇళ్లలో పనిచేసేవాళ్లు. ఫీజు వాళ్ల ఆదాయాన్ని బట్టి. సర్కారు తిండికి ఇచ్చే కార్డులో డబ్బు నెల మొదట్లో పడుతుంది, చివరి వారానికి ఖాళీ. షుగర్ మాత్ర మాత్రం మానరు. పోయిన నెలాఖరులో ఒక పెద్దామె చెమటలు కారుతూ వచ్చింది, చేతులు ఒకటే వణుకు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 52కు పడిపోయింది. జ్యూస్ తాగించి, తేరుకున్నాక రాత్రి ఏం తిన్నారని అడిగితే "రెండు బిస్కెట్లు" అనింది. అందుకే బీపీ చూస్తూనే అడుగుతాం, ఇంట్లో తిండికి ఇబ్బందిగా ఉందా అని.

ఈ బోస్టన్‌లోనే 1965లో పేదలకోసం ఇట్లాంటి ఆరోగ్య కేంద్రం మొదలుపెట్టినవాళ్లలో జాక్ గైగర్ అని ఒక డాక్టరు. తర్వాత మిసిసిపీలో ఇంకోటి పెట్టి, ఆకలితో నీరసించిన పిల్లలకు మందుచీటీ మీద పాలు, కూరగాయలు, మాంసం అని రాసిచ్చేవాడు. అంగడివాళ్లు సరుకులిచ్చి బిల్లు క్లినిక్‌కు పంపేవాళ్లు. మందుల డబ్బు తిండికి పెడతావా అని పైవాళ్లు నిలదీస్తే, తిండి లేక వచ్చిన జబ్బుకు పుస్తకంలో రాసిన మందు తిండే అన్నాడంట. భలే మనిషి కదా!

మనవైపు మాత్రం తెలియదా? మదనపల్లె ఆరోగ్యవరం టీబీ ఆసుపత్రిలో తాతకు మందుతో పాటు పాలు, గుడ్లు వేళకు పెట్టేవాళ్లని అవ్వ ఎన్నిసార్లు చెప్పలేదు! 2023లో జార్ఖండ్‌లో చేసిన పరిశోధన వివరాలు వచ్చాయి. టీబీ ఉన్నవాళ్ల ఇళ్లలో మిగతావాళ్లకు కూడా సరుకులిస్తే, వాళ్లకు ఆ జబ్బు రావడం దాదాపు 40 శాతం తగ్గింది.

కాబట్టి బియ్యం నీ దానధర్మం కింద పోకూడదు. వైద్యంలో భాగంగానే రావాలి. టీబీ ఉన్నవాళ్ల తిండికని సర్కారు నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు ఇచ్చే 500ను 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. ఆ వడ్డెరామె పాస్‌బుక్ తీసుకెళ్లి ఎంట్రీ వేయించు. పడకపోతే ఆధార్ లింక్ దగ్గరే ఆగి ఉంటుంది, టీబీ సూపర్‌వైజర్‌ను వదలొద్దు. ఆమెకు మాత్రలతో కళ్లు తిరుగుతున్నాయన్నావే, ఆ సంగతి పీహెచ్‌సీ డాక్టరుకు తప్పకుండా చెప్పు, ఆమె అంతట ఆమె మానేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంకోటి. అమ్మ శనివారం ఒక్కపొద్దుంటూ షుగర్ మాత్ర వేసుకుంటోందంట. నా మాట వినదు, ఊరందరికీ చెప్పే నువ్వే చెప్పాల.

నీ చెల్లెలు